ఇరవై ఒక్క అంకెల సంఖ్య

చదరంగం బల్ల మీద గింజల కథ మనందరికీ తెలిసిందే. మొదటి గడిలో 1, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్ళకు రాజుగారి గాదెలు చాలలేదు. ఇంకో మూడు గళ్ళు కలిపి 67 గళ్ళు నింపామనుకుందాం. మొత్తం గింజలు 14,75,73,95,25,89,67,64,12,927. అరవై ఏడు రెండ్లను వరుసగా గుణించి, ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ఇది.

ఫ్రాన్సు దేశపు క్రైస్తవ సన్యాసి, గణితవేత్త మెర్సెన్ 1644లో దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో రాశాడు. అంటే 1, అదే సంఖ్య తప్ప మరేదీ దీన్ని శేషం లేకుండా భాగించదని అర్థం. ఆ మాట నిజం కాదని నిరూపించడానికి 232 ఏళ్ళు పట్టింది. 1876లో ఆ దేశస్థుడే అయిన లూకాస్ ఇది ప్రధాన సంఖ్య కాదని తేల్చాడు. కాని దీన్ని భాగించే సంఖ్య ఏదో ఆయనకూ దొరకలేదు. దొంగతనం జరిగిందని తెలిసింది, దొంగ దొరకలేదు.

1903 అక్టోబరులో న్యూయార్కులో జరిగిన గణిత సభలో కోల్ అనే ఆచార్యుడు ఆ రెండు కారణాంకాలనూ బయటపెట్టాడు. అవి 19,37,07,721, 7,61,83,82,57,287. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా నల్లబల్ల మీద గుణకారం చేసి కూర్చున్నాడని, సభ చప్పట్లు కొట్టిందని, ఇందుకు మూడేళ్ళ ఆదివారాలు పట్టాయని తర్వాత ఆయనే చెప్పాడని బెల్ అనే రచయిత రాశాడు.

ఈ సంఖ్యను భాగించే ఏ సంఖ్యనైనా 134తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటి సంఖ్యలనే ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయినా, మొదటి కారణాంకం 14,45,580వ మెట్టు మీద ఉంది. వెతకడం అంత కష్టం. సరిచూడడం మాత్రం హైస్కూలు పని. మేము స్టడీ అవర్లో గుణించాం. సున్నా వరుస వదిలేస్తే ఎనిమిది వరుసలే.

మిత్రులారా, దీన్ని ఇంతగా ఎందుకు చెబుతున్నామంటే, మన ఇళ్ళలో లెక్క సరిచూసేవాళ్ళు లేరు. మేస్త్రీ రాసిందే కూలి, షావుకారు చెప్పిందే వడ్డీ. మా అమ్మానాన్నలు వేలిముద్ర వేసి వచ్చేవారు. వాళ్ళకు తెలివి లేక కాదు, కాగితం మీద ఉన్నది చదవలేక. డిగ్రీ వరకు వచ్చిన మొదటి తరం మనది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ముందుగా ఆ పద్దు పుస్తకం అడిగి తీసుకుందాం. మెర్సెన్ అంతటి పండితుడి మాటనే లెక్క వేసి చూశారు, షావుకారు పద్దు ఎంత?

కోల్ గుణకారానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. ఈ పేజీ కింద కాస్త ఖాళీ ఉంది. తమ్ముళ్ళూ, పెన్సిల్ తీసి మీరే గుణించి చూడండి.