కోడిక్కరై గుర్రాలు

అడవి గుర్రాలను చూపిస్తామని పిల్లలకు మాట ఇచ్చి రెండేళ్ళయింది. ఆఫీసులో సెలవు దొరికితే వాన. వాన తెరిపిస్తే సెలవు లేదు. చివరకు ఈ శరత్కాలంలో రెండుసార్లు వెళ్ళిరాగలిగాము. ఆశ్వయుజంలో ఒకసారి, కార్తికం చివర మరొకసారి. ఆ విశేషాలు మన సోదర సోదరీమణులకు విన్నవిస్తున్నాము.

తంజావూరులో బస్సెక్కి తిరుత్తురైప్పూండి, వేదారణ్యం మీదుగా పోవాలి. 1930లో రాజాజీగారు ఉప్పు సత్యాగ్రహం నడిపిన వేదారణ్యం ఇదే. నేటికీ దారి పక్కన ఉప్పుమళ్ళు, తెల్లని కుప్పలు కనిపిస్తాయి. అక్కడికి దక్షిణాన, సముద్రతీరం పడమటికి మలుపు తిరిగే మూలలో ఉన్నది కోడిక్కరై. కృష్ణజింకల రక్షణకై 1967లో దీనిని అభయారణ్యం చేశారు.

మొదటిసారి వెళ్ళేనాటికి ఈశాన్యపు వానలు ఇంకా పడలేదు. గడ్డి ఎండిపోయి ఉన్నది. పాలచెట్ల తోపు దాటి మైదానంలోకి రాగానే మా చిన్నవాడు మా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఎదురుగా ఏడు గుర్రాలు! అన్నీ పొట్టివే. మగగుర్రం కొంచెం ఎడంగా నిలబడి మావైపు చెవులు నిక్కించింది. ఆడగుర్రాలు మేత మీదినుంచి తల ఎత్తలేదు. ఒక పిల్ల తల్లి పొట్టకింద దూరి పాలు కుడుస్తున్నది.

"ఇవి పుట్టు అడవి గుర్రాలు కావండీ," అన్నాడు వెంట వచ్చిన కాపలా మనిషి తమిళంలో. "ఒకనాడు మనుషులు పెంచి వదిలేసినవాటి సంతతి. అడిగేవాళ్ళు లేక అడవిపాలైనాయి."

రెండవసారి వెళ్ళేసరికి వానలు పడి మైదానమంతా పచ్చబడింది. చిత్తడి నేలల్లో రాజహంసలు బారులు తీరి ఉన్నాయి. మెలి తిరిగిన కొమ్ములతో నల్లని ఇర్రి ఒకటి తల ఎత్తి నిలిస్తే, కొమ్ములు లేని లేళ్ళు దాని చుట్టూ మేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువును మేము తమిళదేశంలో కళ్ళారా చూశాము!

అయితే ఆ పచ్చికలోనే పేచీ ఉన్నది. జింకకు పైవరుసలో ముందుపళ్ళు లేవు. గుర్రానికి రెండు వరుసలా ఉన్నాయి గనుక నేల అంటా కొరికి మేస్తుంది. నెమరు వేయదు గనుక రోజంతా మేస్తూనే ఉంటుంది. అంతటితో పోలేదు. సీమతుమ్మ కాయలు దానికి ఇష్టం. విత్తనాలు అరగక లద్దెతో పడి, పడినచోటల్లా మొలుస్తాయి. ముళ్ళపొదలు పెరిగినకొద్దీ, జింక పరుగెత్తే బయలు తగ్గిపోతుంది. నక్క పొంచి ఉన్నా కనబడదు.

"అయితే గుర్రాలను పంపెయ్యకూడదా?" అని మా అమ్మాయి అడిగింది.

కాపలా మనిషి నవ్వి, "ఎక్కడికమ్మా? 2018 నవంబరులో గజ తుఫాను వచ్చినప్పుడు జింకలూ చచ్చాయి, గుర్రాలూ చచ్చాయి. గాలి వాటికి తేడా చూడలేదు," అన్నాడు. అంటూనే వంగి, బాట పక్కన జానెడు సీమతుమ్మ మొక్కను వేరుతో సహా పీకి పారేశాడు. "చిన్నప్పుడే తియ్యాలి. పెరిగితే గొడ్డలి కావాలి."

తిరుగు బస్సులో మా ఇంటావిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మన పెద్దలూ నాయకరాజులనాడు ఇక్కడికి వచ్చినవారే గదండీ. ఇప్పుడెవరైనా పొమ్మంటే మనం ఎక్కడికి పోతాము?" అన్నది.

మాకు వెంటనే జవాబు తోచలేదు. గుర్రాన్ని పొమ్మనడానికి మనసు రాదు. లేడిని పస్తు పెట్టడం అంతకన్నా తప్పు. గుర్రానికి ఈ సంగతి తెలియదు, పాపం. తెలిసిన మనుషులమే పీకవలసిన మొక్క పీకుతూ, ఇద్దరికీ చోటు చూడాలి. కాపలా మనిషి చేస్తున్నది అదే.

చూడబోయేవారికి ఒక మాట: తాగునీరు వెంట తీసుకుపోండి. గుర్రాలు ఎంత సాధువుగా కనిపించినా తినుబండారాలు పెట్టకండి.