నాలుగు గంటల దుబాయ్

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశమార్గంలో సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం గంటకు 850 కిలోమీటర్ల వేగం అందుకున్నా ఎక్కడం, దిగడం కలిపితే నాలుగు గంటలు పడుతుంది. చలికాలంలో వచ్చేటప్పుడు ఓ అరగంట తక్కువే. పైన గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి కదా, ఇంటికొచ్చే వాళ్లను కాస్త ముందుకు తోస్తాయన్నమాట!

మా జమ్మికుంటకు ఈ లెక్క సరిపోదు. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాజీపేట మీదుగా సికింద్రాబాద్ చేరడానికే దాదాపు నాలుగు గంటలు. అక్కడినుంచి ఊరంతా దాటుకుని శంషాబాద్ పోవాలి. మళ్లీ మూడు గంటల ముందే అక్కడుండాలి. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు మారాక మాకు దారి ఇంకాస్త పెరిగింది. అంతకుముందు తరానికి ఇదీ లేదు. బొంబాయి పోయి అక్కడ విమానమెక్కేవారు.

మా చిన్నాయన దుబాయ్‌లో తాపీమేస్త్రీ. ఆయన టికెట్ చూసి నేను తికమకపడేవాణ్ని. పొద్దున పదింటికి ఎక్కితే పన్నెండున్నరకు దిగినట్టుంటుంది. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక మరి! తిరిగొచ్చేటప్పుడు పదింటికి ఎక్కితే మధ్యాహ్నం మూడు.

ఓసారి నానమ్మకు ఇదంతా విడమరిచి చెప్పాను. చివరిదాకా విని ‘‘నాలుగు గంటలేనా బిడ్డా? మరి రెండేండ్లకోపారి ఎందుకొస్తడు?’’ అంది.

2005లో తాత పోయాడు. ఆ రోజు శుక్రవారం. అప్పట్లో అక్కడ అదే వారపు సెలవు. చిన్నాయన పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో, ఆఫీసుకు తాళం. శనివారం సాయంత్రానికి పాస్‌పోర్టు చేతికొచ్చింది. తోటివాళ్లు తలా కొంత వేసి టికెట్ కొనిపెట్టారు. ఇక్కడ శుక్రవారం పొద్దుగూకకముందే దహనం అయిపోయింది. ఎంతసేపని ఆపుతారు? సోమవారం ఆయన వచ్చేసరికి మూడొద్దులూ గడిచాయి. గడపలో చెప్పులు విడిచి, తాత మంచం వేసే చోటికి పోయి నేలమీద కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. నానమ్మ మాత్రం ‘‘తిన్నవా?’’ అంది.

2020 మార్చిలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయినప్పుడు చిన్నాయన పనీ ఆగింది. నాలుగు గంటల దారి కాస్తా నెలలైంది. మే 7న వందేభారత్ విమానాలు మొదలైతే పేరు నమోదు చేసుకుని వరుస కోసం కాచుకున్నాడు. ఆగస్టులో వచ్చాడు. మళ్లీ పోలేదు.

ఇప్పుడు ఆయన కొడుకు బయల్దేరుతున్నాడు. చల్లగదిలో ఎలక్ట్రీషియన్ పనట. 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన అక్కడి కార్మిక చట్టం ప్రకారం కార్మికుల పత్రాలు యజమాని లాక్కోకూడదు. వాడు సెల్‌లో అదే చదివి వినిపించాడు. చిన్నాయన విన్నాడు.

‘‘మంచిదే. పాస్‌పోర్టు నీ పెట్టెలనే ఉంచుకో. మొదటి జీతంల ఒక టికెట్ పైసలు తీసి పక్కకు పెట్టు. ఇల్లు కట్టినా, బండి కొన్నా, అవి మాత్రం ముట్టకు.’’