లోపలివాళ్లు

ఆగస్టు 22, 2024

పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ చనిపోయింది ఈ రోజే, 1948లో. పాఠం పక్కనపెట్టి తొమ్మిదో తరగతికి ఆయన గురించే చెప్పాను. వయసు ఇరవై ఏడు అనేసరికి వెనక బెంచీల్లో గుసగుసలు ఆగిపోయాయి. వాళ్ల అన్నల వయసు.

మానుకోట దగ్గర సుబ్రవేడులో పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు. 'తేజ్' పత్రికలో చేరితే హైదరాబాదు నిజాం సర్కారు దాన్ని మూయించింది. మందుముల నర్సింగరావు గారి 'రయ్యత్'కు పోతే అదీ మూతపడ్డది. 1947 నవంబరులో సొంతంగా 'ఇమ్రోజ్' పెట్టాడు. రెండు పత్రికలు కండ్లముందే మూతపడ్డాక మూడోది మొదలుపెట్టడానికి ఎంత గుండె కావాలి!

నిజాముది ఏ మతమో ఆయనదీ అదే, కొలువుల భాష ఉర్దూ ఆయన చేతిలోనే ఉంది. నోరు మెదపకుంటే బతుకు సాఫీగా సాగేది. అలాంటివాడు నిజాం కొమ్ముకాసే సాయుధ దళం రజాకార్ల దౌర్జన్యాల మీద రాశాడు. హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో కలవాలని ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను అచ్చువేశాడు. అలా రాసే చేతులు తెగిపడతాయని రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ సభలో బెదిరించాడు. కొద్ది రోజులకే, షోయబ్ రాత్రి పత్రిక పని ముగించుకొని ఇంటికి పోతుంటే, కాచిగూడ దగ్గర రజాకార్లు కాల్చారు, చెయ్యి నరికారు.

దీన్ని హిందువులకూ ముస్లింలకూ మధ్య కొట్లాటగా చెప్పేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆయన నెత్తురును ఏ లెక్కలో రాస్తారు?

ఆగస్టు 26

"ఎదిరించింది ఆయన ఒక్కడేనా సార్?" అని ఒక పిల్ల అడిగింది. కాదు. పదేళ్ల ముందే, 1938లో, ఉస్మానియా హాస్టల్లో విద్యార్థులు వందేమాతరం పాడారు. సర్కారు వద్దన్నా వినలేదు, చదువులు పోగొట్టుకున్నారు. నాగపూర్ విశ్వవిద్యాలయం చాలామందిని చేర్చుకుంది. అట్లా పోయినవాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు.

సెప్టెంబరు 5

నారాయణరావు పవార్ సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా. వరంగల్ యువకుడు, ఆర్యసమాజీ. 1947 డిసెంబరు 4న కింగ్‌కోఠి దగ్గర నిజాం కారు మీద బాంబు విసిరాడు. నిజాం బతికాడు, పవార్‌కు ఉరిశిక్ష పడ్డది. హైదరాబాదును యూనియన్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత శిక్ష తగ్గి, 1949లో బయటికొచ్చాడు. బాంబు వేసినవాణ్ణీ రాసినవాణ్ణీ ఒకే గాటన కట్టలేను. నా మనసు షోయబ్ వైపే. అయినా పవార్ పేరు దాస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టే. చెప్తాను. వాళ్లే వాదించుకోనీ.

సెప్టెంబరు 16

అప్పట్లో మా ప్రాంతం బీదర్ జిల్లాలో ఉండేది. 1948లో ఇదే రోజు సోలాపూర్ వైపు నుంచి వచ్చిన భారత సైన్యం జహీరాబాద్ దాటింది. దారిలో మందుపాతరలు తీయాల్సివచ్చి ఆలస్యమైంది. బీదర్ రోడ్డు కలిసేచోట ఆ సైన్యం మీద మాటువేసి కాల్పులు జరిపారు. మర్నాడు నిజాం లొంగిపోయాడు. ఊళ్లో సెప్టెంబరు 17 అంటే ఈ సైన్యం కథే చెప్తారు. చెప్పాల్సిందే. కానీ ట్యాంకులు రాకముందు, కాపాడే దిక్కు లేని రోజుల్లో, రాజధాని నడిబొడ్డున నిలబడ్డవాళ్ల సంగతి ఎవరు చెప్తారు?

రేపు జెండా దగ్గర నాకు పది నిమిషాలిచ్చారు. సైన్యానికి రెండు, మిగతా ఎనిమిదీ వీళ్లకు. ఉర్దూ మీడియం పిల్లలనూ పిలుద్దామంటే హెడ్మాస్టరు గారు సరేనన్నారు. షోయబ్ గురించి వాళ్లలోనే ఒకరు ఉర్దూలో మాట్లాడతారు.