మాత్రలు మానేసిన అత్తయ్య

"ఇంత చదువుకుని ఇవన్నీ ఎలా నమ్ముతారో!" వాట్సాప్ ఫార్వర్డులు చూసి మనమంతా అనుకునే మాటే. చదువుకీ దీనికీ పెద్ద సంబంధం లేదనిపిస్తుంది నాకు. భయానికి మాత్రం ఉంది.

2018లో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయన్న మెసేజీలు నమ్మి, దేశంలో ఎన్నోచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. పంపినవాళ్ళంతా దుర్మార్గులా? నలుగురినీ హెచ్చరిద్దామనుకున్న తల్లులూ ఉండే ఉంటారు. పిల్లల పేరెత్తితే ఎవరు ఆగి ఆలోచిస్తాం చెప్పండి! అప్పట్లో గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊళ్ళలోకి పంపి, జానపద కళాకారుల చేత పాటలు పాడించి మరీ అది పుకారని చెప్పించారు. ఎదురుగా నిలబడి చెప్పే మనిషి కావాలని ఆవిడకి తెలుసు.

మా ఇంట్లో గొడవ బీపీ మాత్రలది. అత్తయ్య మాత్రల షీటు నెలాఖరుకి కూడా నిండుగానే ఉంది. అడిగితే, పొద్దున్నే వెల్లుల్లి రెబ్బలు మింగుతున్నారట. మాత్రలు కిడ్నీలని తినేస్తాయని చెల్లెలు పంపింది, గుడి గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ వచ్చింది. "ముగ్గురూ అబద్ధమే చెబుతారా?" అన్నారు. ఒకరి దగ్గర్నుంచి ఒకరు పంపుకున్నదే అని తట్టలేదు. అమెరికాలో 1977లోనే దీని మీద ఒక ప్రయోగం చేశారు. రెండేసి వారాల తేడాతో మూడుసార్లు కొన్ని వాక్యాలు చూపిస్తే, మళ్ళీ మళ్ళీ కనబడినవే జనానికి నిజమనిపించాయి, అబద్ధాలైనా సరే.

మావారు గ్రూపులోనే "అమ్మా, ఇది ఫేక్" అని పెట్టేశారు. రెండు రోజులు ఆవిడ మాట్లాడలేదు. మాత్రా వేసుకోలేదు. నలుగురిలో పరువు తీస్తే ఎవరైనా అంతే కదండీ.

చిక్కుడుకాయలు ఒలుస్తూ మెల్లిగా అడిగాను, "అసలు మీ భయమేంటి అత్తయ్యా?" అని. చాలాసేపు ఏమీ అనలేదు. "మీ మామయ్య డయాలసిస్ పడ్డ బాధ చూశాను కదే," అన్నారు చివరికి. ఆ మెసేజ్ సరిగ్గా అక్కడ తగిలింది.

డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. బీపీ అదుపు తప్పితేనే కిడ్నీలు దెబ్బతింటాయని ఆయన ఓపిగ్గా చెప్పారు, రక్తపరీక్ష కూడా చేయించారు. ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నారు. వెల్లుల్లి మాత్రం మానలేదు. చారులో వేస్తానులెండి అన్నాను.