గెలిచిన రాత్రి



2022 మార్చి 20, ఆదివారం. సాయంత్రం ప్రార్థన ముగిశాక, మిరప కళ్ళం కాపలా ఉన్న యవ్వనస్థులతో కూర్చుని సెల్‌ఫోన్‌లో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ చూశాము. గోవాలో మన హైదరాబాద్ ఎఫ్‌సీకి, కేరళ బ్లాస్టర్స్‌కు పోటీ. మొదటి గోల్ కేరళదే. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో మనకు మొదటి కప్పు! "దేవునికి స్తోత్రం" అని కేకలు వేశాము.

అంతలో తెర మీద ఓడినవాళ్ళు కనబడ్డారు. ఫైనల్లో ఓడడం వాళ్ళకిది మూడోసారి. కేరళలోనూ విశ్వాసులు ఉన్నారు, వాళ్ళూ ప్రార్థించే ఉంటారు.

అప్పుడు ఉదయం ఆరాధన గుర్తొచ్చింది. ఆ ఏడు తామర పురుగు చాలా తోటలను తినేసింది. పంట తగ్గబట్టే మిగిలినవారి కాయకు మంచి ధర. ధర వచ్చినవారి సాక్ష్యానికి మేము చప్పట్లు కొట్టాము. తోట పీకేసిన అన్న వెనక వరసలోనే ఉన్నాడు. ఆయనను పలకరించలేదు.

మరునాడు వాళ్ళింటికి వెళ్ళాము. ప్రసంగం చేయలేదు, పక్కన కూర్చున్నాము.

ప్రియులారా, మీకు జయం కలిగితే స్తోత్రం చెల్లించండి. వెనక వరస కూడా చూడండి. ఆమేన్.