సన్నికల్లులో దాగిన మాట

తార్నాక నుంచి లాలాపేట మీదుగా వెళ్తుంటే, ఇళ్ల మధ్యలోంచి ఒక్కసారిగా పైకి లేచినట్టు కనిపిస్తుంది మౌలాలి గుట్ట. పేద్ద బండ... పైన దర్గా. కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడి రాతిమీద హజ్రత్ అలీ చేతిగుర్తు కనిపించిందని భక్తుల నమ్మకం. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ శిలల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు!

మరి, 'రాయి' అనే మాటకు వయసెంత? అలాంటి లెక్కలు తేల్చిన పెద్దాయన ఈ గుట్టకు దగ్గర్లోనే, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి 1962 నుంచి 1986 దాకా అక్కడ భాషాశాస్త్రం బోధించారు.

రాయిని తమిళులు 'కల్' అంటారు. కన్నడిగులు, మలయాళీలు 'కల్లు' అంటారు. ఎక్కడో పాకిస్థాన్‌లోని బలూచిస్థాన్‌లో బ్రాహుయీ మాట్లాడేవారికి అది 'ఖల్'. వీటిని పక్కపక్కన పెట్టి చూసిన పండితులు, వేల ఏళ్లనాటి మూలద్రావిడంలో ఆ మాట 'కల్' అయివుంటుందని తేల్చారు. అది ఏ శాసనంలోనూ లేదు. అందుకే అలాంటి మాటల ముందు నక్షత్రం గుర్తు పెడతారు.

'కల్లంటే తాటికల్లే కదా' అంటారా? తమిళంలో రాయి 'కల్', తాగేది 'కళ్'. తెలుగులో రెండూ కలిసిపోయాయి. రాయి అనే అర్థం వాడుకలోంచి జారిపోయినా సమాసాల్లో బతికే ఉంది. పెళ్లిలో వధువు చేత తొక్కించేది సన్నికల్లు. కంసాలి బంగారం గీసి చూసేది ఒరగల్లు. సికింద్రాబాద్‌లో రైలెక్కి మౌలాలి స్టేషన్ దాటి ముందుకెళ్తే వచ్చే వరంగల్... ఓరుగల్లు, అంటే ఒంటిరాయి. సంస్కృతంలో ఏకశిలానగరం అన్నదీ అందుకే.

ఐరోపాలోనూ ఇదే కథ. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరం పాతపేరు లుగ్దూనం. అందులోని 'దూన్' కెల్టిక్ భాషల మూలపదం, కోట అని అర్థం. ఫ్రాన్స్‌లో ఆ భాష పోయింది, ఊరిపేరు మిగిలింది. ఐర్లాండ్‌లో మాత్రం కోటను ఇప్పటికీ 'దూన్' అనే అంటారు.

ఇలా వెనక్కి నడవాలంటే పెద్ద భాషలొక్కటే చాలవు. కృష్ణమూర్తి అరకు ప్రాంతపు గిరిజనుల కొండ భాషను అధ్యయనం చేసి 1969లో పుస్తకం వేసిందీ అందుకే. లిపి లేని ఓ చిన్న భాష ఆగిపోతే, దాంతోపాటు మన మాటల పుట్టుకకు ఒక సాక్ష్యమూ పోతుంది. గుట్టను పగలగొడితే అందరికీ వినిపిస్తుంది. మాట పోతే చప్పుడుండదు.

ఈసారి పెళ్లికెళ్లినప్పుడు, సన్నికల్లు అంటే ఏమిటో పిల్లలకు చెప్పండి.