ఎనిమిది మంత్రపీఠాల ఊరు

లేక్ జెనీవా, విస్కాన్సిన్ రాష్ట్రం

బావా,

నీ జానపద నవల మూడో ప్రకరణం దగ్గర ఆగిపోయిందనీ, మాంత్రికులకి ఎన్ని పీఠాలు పెట్టాలో, ఏ పీఠానికి ఏ విద్య ఇవ్వాలో తేలక జుట్టు పీక్కుంటున్నావనీ అత్తయ్య ఫోన్లో చెప్పింది. దాదాపు యాభై ఏళ్ళ కిందట ఆ పంపకాల పంచాయితీ మొదలైన ఊళ్ళోనే ఉన్నాను ఇప్పుడు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

షికాగో నుంచి కారులో వాయవ్యంగా గంటన్నర పైచిలుకు ప్రయాణం. ఊరు చిన్నది, సరస్సు పెద్దది. వెనకటి షికాగో కోటీశ్వరులు వేసవి విడిదికని ఒడ్డు పొడుగునా మేడలు కట్టుకున్నారు. ఆ మేడల ముంగిట్లోంచే సరస్సు చుట్టూ దాదాపు 34 కిలోమీటర్ల కాలిబాట పోతుంది. ఎవరైనా నడవొచ్చు, యజమాని కిటికీలోంచి చూస్తూ ఊరుకోవాల్సిందే. దాన్ని మించిన వింత టపా పడవ. 1916 నుంచీ వేసవిలో ఒడ్డు ఇళ్ళకి ఉత్తరాలు పడవ మీదే వెళ్తున్నాయి. తమాషా ఏమిటంటే పడవ ఆగదు. కాలేజీ వయసు పిల్ల ఒకతె ఉత్తరాల కట్ట పట్టుకుని చెక్క రేవు మీదకి దూకింది. పరుగున పోయి పెట్టెలో పడేసి, అందులో ఉన్నవి తీసుకుని, పడవ వెనక భాగం రేవు దాటిపోయేలోపు మళ్ళీ ఎగిరి ఎక్కేసింది. ఒక్కోసారి నీళ్ళలో పడతారట కూడా!

సరే, మాంత్రికుల సంగతికి వస్తాను. ఈ ఊరివాడు గారీ గైగాక్స్. షికాగోలో బీమా కంపెనీ ఉద్యోగం, అది పోయాక చెప్పులు బాగుచేసుకుంటూ ఇల్లు నెట్టుకొచ్చాడు. 1968లో ఇక్కడి హార్టికల్చరల్ హాలుని 50 డాలర్లకి అద్దెకి తీసుకుని, యుద్ధాల ఆటల పిచ్చి ఉన్నవాళ్ళని ఓ వంద మందిని పోగేశాడు. హాలు ఇంకా ఉంది. 1974లో అతనూ, మిన్నెసోటావాడు డేవ్ ఆర్నెసన్ కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలేస్తూ, కథని నోటితోనే నడిపించే ఆట. మొదటి విడత వెయ్యి పెట్టెలు. వాటిని ఇంట్లో కూర్చుని చేత్తోనే సర్దారు.

ఇక్కడే నువ్వు చెవి ఒగ్గాలి. ఆ మొదటి పెట్టెలో మంత్రాలున్నాయి గానీ పీఠాల్లేవు. 1978లో గైగాక్స్ ఆటగాళ్ళ కోసం పెద్ద పుస్తకం రాసినప్పుడు గానీ ప్రతి మంత్రం పక్కనా అది ఏ కోవదో రాయలేదు. ముందు మంత్రాలు పుట్టాయి, గోత్రాలు తరవాత వచ్చాయి. నువ్వేమో ముందు గోత్రాలు రాసుకుని పిల్లల కోసం వెతుకుతున్నావు.

అగ్నిపీఠం, జలపీఠం అని పంచభూతాల లెక్కన పోలేదు వాళ్ళు. మంత్రం ఏ పని చేస్తుందన్నదే లెక్క. కాపాడేది ఒకటి, ఎక్కడినుంచో రప్పించేది ఒకటి. అంజనం వేసి చూసే బాపతు, వశీకరణం, కనికట్టు, ఉన్నదాని రూపు మార్చడం, చావుబతుకులతో చెలగాటం. ఇక శక్తిని పుట్టించి ఎదుటివాడి మీదకి వదలడం ఎనిమిదోది. నిజంగా కాల్చే నిప్పు ఒక పీఠానిది, కాలుస్తున్నట్టు కనిపించే నిప్పు ఇంకో పీఠానిది. కథకి పనికొచ్చే తగాదా అంతా ఆ సందులోనే ఉంది.

అసలు కిటుకు 1989లో వచ్చిన ఆ ఆట రెండో కూర్పులో దొరికింది నాకు. ఒక పీఠంలో ఆరితేరాలంటే కొన్నింటి మీద ఆశ వదులుకోవాలి. కనికట్టు విద్యవాడికి మూడు తలుపులు మూసేశారు: శక్తిని వదిలే విద్య, రక్షణ విద్య, చావుబతుకుల విద్య. పిడుగు వేయలేడు, రక్షరేకు కట్టుకోలేడు, నమ్మించడమే అతని అసలు బలం. అలాంటివాడు రాజుగారి కొలువులో ఎలా మాట్లాడతాడో, ఏ గదిలో కూర్చుంటాడో ఊహించు. పాత్ర సగం తయారైపోతుంది. నీ చిత్తుప్రతిలో ప్రతి మాంత్రికుడూ అన్నీ చేసేస్తున్నాడు, చదివేవాళ్ళకి భయమెందుకు వేస్తుంది?

ఇంకో కట్టుబాటు జాక్ వాన్స్ అనే రచయిత దగ్గర తీసుకున్నారు. 1950లో వచ్చిన అతని 'ద డయింగ్ ఎర్త్' పుస్తకంలో మాంత్రికులు మంత్రాన్ని బట్టీ పట్టాలి, ఒకసారి వాడితే అది బుర్రలోంచి చెరిగిపోతుంది. సరైన సమయానికి అస్త్రం మరుపుకొచ్చిన కర్ణుణ్ణి ఎరిగిన మనకి ఇది పెద్ద ఆశ్చర్యం కాదు. కాకపోతే అక్కడ శాపం, ఇక్కడ రోజువారీ నియమం.

మంత్రాలకి కావలసిన దినుసులు చూస్తే గైగాక్స్ కొంటెతనం తెలుస్తుంది. అగ్నిగోళానికి గబ్బిలాల రెట్ట, గంధకం. రెట్టలోంచి సూరేకారం తీసి మందుగుండు చేసేవాళ్ళు కదా, అదీ లెక్క. పిడుగుకి కాస్త బొచ్చు, గాజు కడ్డీ. ఈ రెండూ రుద్దితే విద్యుత్తు పుడుతుందని బళ్ళో చేసి చూసిందే. పెనుగాలి రప్పించడానికి మాత్రం ఒక చిక్కుడు జాతి గింజ! శనగలు తిన్న రాత్రి గుర్తు తెచ్చుకో, నేను విడమరచి చెప్పను.

అలాగని వీళ్ళ పంపకం చెక్కుచెదరనిదని అనుకోకు. గాయం మాన్పే మంత్రాన్నే తీసుకో. మొదట్లో అది చావుబతుకుల పీఠంలో ఉండేది, ప్రాణంతో పని కాబట్టి. 2000లో వచ్చిన మూడో కూర్పులో రప్పించే పీఠానికి మారింది. 2014లో శక్తిని వదిలే పీఠానికి పోయింది. 2024లో రక్షణ పీఠానికి చేరింది. నా ఓటు మొదటి ఇంటికే. శవాన్ని లేపేవాడూ గాయం మాన్పేవాడూ ఒకే గురువు దగ్గర చదువుకుంటే ఊరిజనం వైద్యుడి గుమ్మం తొక్కడానికి జంకుతారు. ఆ జంకులో నీకు కనీసం రెండు ప్రకరణాలున్నాయి.

నీ రాజవైద్యుణ్ణి ఏ పీఠంలో పెడతావో రాయి. వచ్చే నెలాఖరు దాకా షికాగోలో పిన్ని వాళ్ళింట్లోనే ఉంటాను. అత్తయ్యకి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ బావమరిది